జర్మనీలో వలంటీరుగా ఏడాది ఎలా గడపాలి: బరంపురం, పర్లాకిమిడి, రాయగడ పిల్లలకి

జర్మనీలో వృద్ధాశ్రమాల్లో, ఆసుపత్రుల్లో, వికలాంగుల కేంద్రాల్లో, కిండర్‌గార్టెన్లలో ఏడాది పాటు వలంటీరుగా చేరడానికి రెండు పథకాలున్నాయి. మొదటిది ఎఫ్‌ఎస్‌జే, అంటే స్వచ్ఛంద సామాజిక సంవత్సరం. దీనికి 1964లోనే చట్టం చేశారు, 27 ఏళ్ళ లోపు వాళ్ళకి. రెండోది బీఎఫ్‌డీ, అంటే సమాఖ్య స్వచ్ఛంద సేవ. నిర్బంధ సైనిక సేవ ఆపేశాక 2011లో మొదలైంది, దీనికి పై వయసు పరిమితి లేదు. రెండింటిలోనూ బయటి దేశాల వాళ్ళని తీసుకుంటారు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ప్లస్ టూ, డిగ్రీ పూర్తిచేసిన తెలుగు పిల్లలు నన్ను వీటి గురించే అడుగుతుంటారు. వాళ్ళ ప్రశ్నలన్నీ వీసా చుట్టూ, డబ్బు చుట్టూ తిరుగుతాయి. వెళ్ళాక పొద్దున్న లేచి ఏం చేయాలన్నది ఎవరూ అడగరు. నిజానికి కష్టమైనా సుఖమైనా ఉండేది అక్కడే. నేను వృద్ధాశ్రమంలో చేశాను కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే ఇస్తాను.

ముందు ఇంట్లో మాట తేల్చుకోండి

ఇది ఉద్యోగం కాదు, జీతం ఉండదు. ఉండటానికి గది, తిండి లేదా తిండి డబ్బులు, పైన చేతి ఖర్చుకి కొంత ఇస్తారు. ఆ చేతి ఖర్చుని తాషెన్‌గెల్ట్ అంటారు. చట్టం ప్రకారం 2025లో దాని గరిష్ఠ పరిమితి నెలకి 644 యూరోలు ఉండేది. చాలా సంస్థలు ఇచ్చేది అంతకన్నా తక్కువే. అన్ని చోట్లా గది, తిండి రెండూ ఇవ్వరు, అందుకే ఒప్పందంలో ఏది ఇస్తున్నారో, ఏది ఇవ్వట్లేదో చూసుకుని సంతకం పెట్టండి. ఆరోగ్య బీమా, పింఛను లాంటి వాటి కంతులు సంస్థే కడుతుంది.

అంటే మీరు బతకడానికి సరిపోతుంది, ఇంటికి పంపడానికి మిగలదు. "మీవాడు ఫారిన్ వెళ్ళాడు కదా, నెలకి ఎంత పంపుతున్నాడు?" అని అడిగే చుట్టాలకి మీ అమ్మానాన్నల దగ్గర ముందే జవాబు ఉండాలి. పొలం తాకట్టు పెట్టి వెళ్ళేంత లాభం దీన్లో లేదు. లక్షలు కడితే సీటు ఇప్పిస్తామనే వాళ్ళు ఎదురైతే ఒక్క లెక్క వేసుకోండి: నెలనెలా మీకే డబ్బిచ్చే పథకానికి మీరెందుకు లక్షలు కట్టాలి? ఈ వలంటీర్లని చూసుకునే సంస్థని అక్కడ ట్రేగర్ అంటారు. కారిటాస్, డియాకొనీ, జర్మన్ రెడ్‌క్రాస్, ఆవో లాంటి పెద్ద సంస్థల శాఖలు ఊరూరా ఉన్నాయి. వాటికి నేరుగా మెయిల్ రాయండి. ఎక్కువ చోట్ల ఏడాది ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో మొదలవుతుంది కాబట్టి ముందటి దసరా నాటికే రాయడం మొదలుపెడితే మంచిది.

ఇంట్లో విప్పి చెప్పాల్సింది ఇంకొకటుంది. వృద్ధాశ్రమంలో పని అంటే కబుర్లు చెప్పి, పేపరు చదివి వినిపించడం ఒక్కటే కాదు. ఒళ్ళు తుడవడం, మరుగుదొడ్డికి తీసుకెళ్ళడం, డైపర్ మార్చడానికి సాయం పట్టడం అన్నీ ఉంటాయి. మన ఇళ్ళలో మంచాన పడ్డ నాయనమ్మకి ఈ పనులన్నీ అమ్మో పిన్నో చేస్తారు. మగపిల్లలు గది గుమ్మం దాటరు. అక్కడ ఆ తేడా లేదు, అబ్బాయైనా అమ్మాయైనా అదే పని. "ఇంత చదివించింది దీనికా?" అన్న మాట మూడో నెలలో ఫోన్‌లో వినేకంటే, వెళ్ళకముందే అరుగు మీద కూర్చుని తేల్చుకోవడం నయం.

కాగితాల దగ్గర మనకే వచ్చే చిక్కులు

పాతపట్నంలో ఉన్న మీ మేనత్త కొడుకు చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తాడు. పక్కనే పర్లాకిమిడిలో ఉన్న మీరు కోల్‌కతా పరిధిలోకి వస్తారు. జర్మనీ వాళ్ళ లెక్కలో ఒడిశా మొత్తం కోల్‌కతా కిందే. మహారాష్ట్ర వైపు సిరోంచలోనో బల్లార్షాలోనో ఉన్న తెలుగువాళ్ళకైతే ముంబై. కాబట్టి ఆంధ్రాలో ఉన్న స్నేహితుడు చెప్పిన అపాయింట్‌మెంట్ కిటుకులు మీకు పనికిరావు. బరంపురంలోనో పలాసలోనో హౌరా బండెక్కడానికి సిద్ధంగా ఉండండి. మీరు తీసుకోవాల్సింది దీర్ఘకాలపు డీ వీసా, దాని ఫీజు 75 యూరోలు. టూరిస్టు వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

పేరు ఇంకో చిక్కు. ఒడిశా బడుల్లో చదివిన తెలుగు పిల్లల సర్టిఫికెట్లు చూస్తే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. అన్నకి ఇంటిపేరు చివర ఉంటుంది, తమ్ముడికి ముందు పొడి అక్షరంగా ఉంటుంది. చెల్లికి అసలుండదు. మాస్టారు బడిలో చేర్చిన రోజు ఎలా తోస్తే అలా రాశారు. ఆధార్‌లో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటే ముందు వాటిని సరిచేయించుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. అక్కడ బ్యాంకు, బీమా, పోస్టు డబ్బా అన్నీ ఇంటిపేరు మీదే నడుస్తాయి. ఆశ్రమంలో కూడా మిమ్మల్ని మొదట ఇంటిపేరుతోనే పిలుస్తారు.

తట్టు టీకా గురించి చాలామందికి తెలియదు. 2020 మార్చి నుంచి జర్మనీలో ఆసుపత్రుల్లో, కిండర్‌గార్టెన్లలో పనిచేసేవాళ్ళు, 1970 తర్వాత పుట్టినవాళ్ళైతే, తట్టుకి రక్షణ ఉన్నట్టు రుజువు చూపాలి. సాధారణంగా రెండు డోసుల టీకా కార్డు చూపిస్తారు. వృద్ధాశ్రమాల్లో కూడా అడిగేవాళ్ళున్నారు. చిన్నప్పటి టీకా కార్డు ఎలుకలు కొట్టేసి ఉంటే, ఇక్కడే డాక్టరు దగ్గర మళ్ళీ రెండు డోసులు వేయించుకోండి. రెండింటి మధ్య కనీసం నాలుగు వారాల ఎడం కావాలి కాబట్టి ఆఖరి వారం దాకా ఆగితే కుదరదు.

జర్మన్ భాషలో మొదటి మెట్టు ఏ1, తర్వాత ఏ2, బి1, బి2. చాలా సంస్థలు ఏ2 లేదా బి1 అడుగుతాయి. జర్మన్ నేర్పే గోథె ఇన్‌స్టిట్యూట్ కోల్‌కతాలోనూ చెన్నైలోనూ ఉంది, హైదరాబాద్‌లో గోథె సెంట్రుమ్ ఉంది. ఏ1తోనే వెళ్ళిపోవచ్చనే వాళ్ళుంటారు. వెళ్ళగలరేమో, కానీ మొదటి రోజు నుంచే అవస్థ.

సంచీలో ఏం సర్దుకోవాలి

యూరప్‌లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళడం నిషేధం. అంటే అమ్మ కాచిన నెయ్యి, పాలకోవా, ఛెనాపొడో ఇంట్లోనే ఉండాలి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా వద్దు. చేపలకి మాత్రం ఆ నిషేధం లేదు, కాబట్టి చట్టం ప్రకారం ఎండుచేపలు పట్టుకెళ్ళొచ్చు. కానీ ఆ వాసనతో అద్దె గదిలో మీరు బతికి బట్టకట్టగలరా అన్నది వేరే ప్రశ్న. బరంపురం అప్పడాలు, ఆవకాయ, కందిపొడి, చింతపండు, ఎండుమిర్చి, ఇంగువ చాలు. బియ్యం, పప్పు అక్కడ దొరుకుతాయి.

అల్యూమినియం కుక్కర్ మోసుకెళ్ళొద్దు. ఇండక్షన్ పొయ్యి అయితే అది వేడెక్కదు. పెద్ద చలికోటు కూడా ఇక్కడ కొనకండి. సెప్టెంబర్‌కి ఒక మామూలు జాకెట్ సరిపోతుంది. అసలు చలి మొదలయ్యాక అక్కడి పాత బట్టల దుకాణాల్లో మంచివి చవగ్గా దొరుకుతాయి. మీరు రోజూ వేసుకునే మందులుంటే డాక్టరు చీటీతో సహా పట్టుకెళ్ళండి. అక్కడ యాంటీబయాటిక్ చీటీ లేకుండా ఇవ్వరు.

దిగిన రెండు వారాల్లో

1. మీ గది పోస్టు డబ్బా మీద మీ ఇంటిపేరు అంటించండి. పేరు లేకపోతే పోస్టు రాదు. అక్కడ బీమా కార్డు, బ్యాంకు పిన్, పన్ను నంబరు, ఆఫీసు పిలుపులు అన్నీ ఉత్తరంగానే వస్తాయి.

2. ఇంటి చిరునామా నమోదు చేయించుకోండి. దీన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. గదిలో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసుకి వెళ్ళాలి. ఇల్లు ఇచ్చిన వాళ్ళ సంతకంతో ఒక ధ్రువపత్రం కావాలి, అది సంస్థ దగ్గర అడిగి తీసుకోండి. ఇది అవకుండా బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి ఏదీ సాఫీగా కదలదు.

3. వీసా గడువు తీరకముందే విదేశీయుల ఆఫీసులో నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. అపాయింట్‌మెంట్లు ఆలస్యమవుతాయి కాబట్టి వచ్చిన వారంలోనే అడగండి. అడిగినట్టు రుజువుగా ఆ మెయిల్ దాచుకోండి.

4. తాళం చెవి ఎప్పుడూ జేబులో ఉండాలి. అక్కడి తలుపులు చాలావరకు మూసుకోగానే వాటంతటవే పడిపోతాయి. చెత్త పారేయడానికి చెప్పులతో బయటికొచ్చి లోపల తాళం మర్చిపోతే, తలుపు తీసేవాడికి ఇచ్చే డబ్బుతో చేతి ఖర్చు సగం హారతి కర్పూరం.

పని రోజు ఎలా ఉంటుంది

పూర్తి సమయం అంటే వారానికి 38 నుంచి 40 గంటలు. డ్యూటీ పట్టిక నెల ముందే గోడకి అంటిస్తారు. పొద్దుటి డ్యూటీ ఆరుకో ఆరున్నరకో మొదలవుతుంది. ఆరున్నర అంటే ఆరున్నరకి యూనిఫాంలో నిలబడి ఉండటం, గేటు దగ్గర సైకిలు ఆపుతుండటం కాదు. ఉంగరాలు, గాజులు, వాచీ, చేతికి కట్టిన దారాలు తీసేయాలి. మజ్జిగౌరమ్మ గుడిలో కట్టిన తాడైనా సరే, మణికట్టుకి ఉండకూడదు. పర్సులో పెట్టుకోండి. ఇది మతం మీద కోపం కాదు, చేతులు క్రిమిరహితం చేసుకోవడానికి అడ్డం లేకుండా పెట్టిన నియమం.

డ్యూటీ మొదట్లో ఊబర్‌గాబె ఉంటుంది. రాత్రి ఉన్నవాళ్ళు పొద్దుటివాళ్ళకి ఎవరు ఎలా ఉన్నారో చెబుతారు. మొదటి వారాల్లో అది గాలివానలా మీద నుంచి వెళ్ళిపోతుంది. ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకుని గది నంబరు, పక్కన ఒకటి రెండు మాటలు రాసుకోండి. నంబర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. జర్మన్‌లో ఒకట్ల అంకె ముందు పలుకుతారు, 24ని "నాలుగూ ఇరవై" అన్నట్టు. తొందరలో 42కి వెళ్ళిపోవడం చాలా తేలిక. అనుమానం వస్తే వేలితో రాసి చూపించమనండి.

గది తలుపు తెరిచే ఉన్నా తట్టి, పలకరించి, జవాబు వచ్చాకే లోపలికి వెళ్ళండి. అది వాళ్ళ ఇల్లు. పెద్దవాళ్ళని, ఆడవాళ్ళైతే ఫ్రావ్, మగవాళ్ళైతే హెర్ అని చేర్చి ఇంటిపేరుతో పిలవాలి. మన అలవాటు కొద్దీ "అమ్మమ్మా, తాతా" అని పిలవాలనిపిస్తుంది. వాళ్ళకి అది చిన్నబుచ్చినట్టు ఉంటుంది. ఏం చేయబోతున్నారో ముందు చెప్పి తర్వాత చేయండి: "కర్టెన్ తీస్తాను", "ఇప్పుడు చెయ్యి పట్టుకుంటాను". చెప్పకుండా ముట్టుకుంటే మతిమరుపు జబ్బున్నవాళ్ళు జడుసుకుంటారు, ఒక్కోసారి కొడతారు కూడా. ఆ దెబ్బని మీ మీద కోపం అనుకోకండి.

తినిపించడం అన్నిటికన్నా ఓపిక కావాల్సిన పని. మింగడం కష్టమైనవాళ్ళకి నీళ్ళూ టీ పల్చగా ఇవ్వరు, చిక్కబడే పొడి కలిపి ఇస్తారు. పొడి వేసి కలిపాక కాసేపు ఆగాలి, లేకపోతే పైన నీళ్ళు, అడుగున ముద్ద. మనిషిని నిటారుగా కూర్చోబెట్టండి. మీరు నిలబడి పై నుంచి తినిపించకండి, కుర్చీ లాక్కుని వాళ్ళ కళ్ళ ఎత్తులో కూర్చోండి. పై నుంచి పెడితే వాళ్ళు తల వెనక్కి ఎత్తుతారు, అప్పుడు మెతుకు ఊపిరి గొట్టం వైపు జారుతుంది. చెంచా నిండా కాకుండా కొసన తీసుకోండి. ఒక ముద్ద పెట్టాక గొంతు కదలడం కళ్ళారా చూసి రెండోది ఎత్తండి. మధ్యలో కబుర్లు పెట్టుకోవద్దు, నోట్లో ముద్దతో జవాబు చెప్పబోతారు. తిన్నాక కూడా అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ఇదంతా ఎవరైనా పక్కనుండి చూపించాకే చేయాలి. మొదటిసారి ఒంటరిగా తినిపించమంటే "ముందు చూపించండి" అనే హక్కు మీకుంది.

మీరు చేయకూడనివి కూడా తెలిసి ఉండాలి. మందులు ఇవ్వడం, ఇంజక్షన్ వేయడం, రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉండటం మీ పని కాదు. వలంటీరు ఉన్న సిబ్బందికి చేదోడు, లేని సిబ్బందికి బదులు కాదు. చట్టం ఉద్దేశమూ అదే. మనుషులు తక్కువైన రోజున ఎవరైనా మాత్రల గ్లాసు చేతికిస్తే మర్యాదగా వెనక్కి ఇచ్చేయండి.

ఫోటోలు అసలు తీయకండి. ముసలావిడ మిమ్మల్ని ముద్దుగా పట్టుకున్నా, పుట్టినరోజు కేకు కోస్తున్నా, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం అక్కడ చిన్న తప్పు కాదు. ఎవరికి ఏ జబ్బో బయట చెప్పడమూ అంతే. డబ్బు నోటు చేతిలో కుక్కితే పుచ్చుకోకుండా, ఇచ్చిన సంగతి బాధ్యుల చెవిన వేయండి. చాక్లెట్ అయితే తినేయండి.

అర్థం కాకుండా తల ఊపకండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ, కొండల సంతలో సవరో కువీయో వింటూ పెరిగినవాళ్ళం. సగం మాట విని మిగతా సగం ఊహించుకోవడంలో మనల్ని మించినవాళ్ళు లేరు. ఒడియా మాస్టారు చెప్పింది అందకపోతే పక్కవాడి నోటుబుక్కు చూసి తలూపేసి నెట్టుకొచ్చాం. ఆ నేర్పు సంతలో, బస్సులో, పెళ్ళిలో బ్రహ్మాండంగా పనికొస్తుంది. వృద్ధాశ్రమంలో అదే ప్రమాదం. "ఆవిడకి ఇవాళ పల్చటి నీళ్ళు ఇవ్వకు" అన్న వాక్యంలో ఆ చివరి "కు" మిస్సయితే ఏమవుతుందో ఊహించుకోండి. జర్మన్‌లో కూడా "కాదు, వద్దు" అనే ముక్క చాలాసార్లు వాక్యం చివరకే వస్తుంది, అప్పటికి మనం తలూపడం అయిపోతుంది.

పైగా మనం పక్కలకి ఊపే తల అక్కడివాళ్ళకి అవునో కాదో తెలియదు. నోటితో చెప్పండి. చేయాల్సింది ఇది: ఎవరైనా పని చెప్పగానే, అదే పనిని మీ వచ్చీరాని జర్మన్‌లో వాళ్ళకే తిరిగి అప్పజెప్పండి. "అయితే 12లో ఆవిడకి టీ, పొడి కలిపి, కూర్చోబెట్టి. సరేనా?" తప్పుంటే అక్కడే దిద్దుతారు. అర్థం కాకపోతే "నోఖ్ మాల్, బిట్టె" అనండి, ఇంకోసారి చెప్పమని. విసుక్కునేవాళ్ళు విసుక్కుంటారు. పదిసార్లు అడిగినవాణ్ణి వాళ్ళు మర్చిపోతారు గానీ, ఒక్కసారి తెలియకుండా చేసేసినవాణ్ణి మర్చిపోరు.

మీకు నేర్పిన జర్మన్ వేరు, ముసలివాళ్ళ నోట వచ్చేది వేరు. బవేరియాలోనో ష్వాబియాలోనో పడితే, టీవీ తెలుగు మాత్రమే తెలిసినవాణ్ణి శ్రీకాకుళం సంతలో వదిలేసినట్టు ఉంటుంది. కంగారు పడకండి, ఆ యాస పక్క జిల్లా నుంచి వచ్చిన జర్మన్ వలంటీరుకీ అందదు. యాస నేర్చుకోవడానికి ముసలివాళ్ళే గురువులు, వాళ్ళకి చెప్పడానికి తీరిక ఉంది. పర్లాకిమిడిలో ఉన్న రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకున్నది కూడా సవరల దగ్గర కూర్చునే.

వాళ్ళతో మాట కలపడానికి ఊరి గురించి అడగండి. ఈ వయసువాళ్ళలో యుద్ధం తర్వాత సిలీసియా, తూర్పు ప్రష్యా ప్రాంతాల నుంచి చిన్నపిల్లలుగా తరలివచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు పుట్టిన ఊళ్ళు ఇప్పుడు పోలండ్‌లోనో రష్యాలోనో ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న రాత్రికి రాత్రి మద్రాసు రాష్ట్రం నుంచి ఒడిశాలోకి వచ్చిపడ్డ పర్లాకిమిడి కథ వాళ్ళకి చెప్పి చూడండి, ఎంత తొందరగా అందుకుంటారో. మతిమరుపున్న ఆవిడ "మా అమ్మ దగ్గరికి పోవాలి" అంటే "మీ అమ్మ ఎప్పుడో పోయింది" అనకండి. "మీ అమ్మ ఏం వండేది?" అని అడగండి.

గది, తిండి, చెత్త

ఆదివారం దుకాణాలు మూతే. శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చుకోండి, లేదంటే ఆదివారమంతా రొట్టె, మార్జరిన్. రాత్రి పది దాటాక మోత ఉండకూడదు, వీడియో కాల్‌లో అరుచుకోవడం కూడా మోతే. తాలింపు వేసేముందు కిటికీ తీసి వంటగది తలుపు మూయండి. ఎండుమిర్చి పొగకి అలారం మోగుతుంది. హాస్టల్ అలారం ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటే ఇక చూడండి, పులుసు ఉడికేలోపు ఎర్రబండి గుమ్మంలో. చలికాలంలో కూడా రోజుకి రెండు మూడుసార్లు కిటికీ బార్లా తెరిచి కొన్ని నిమిషాలు గాలి ఆడనివ్వాలి. లేకపోతే గోడలకి బూజు పడుతుంది, ఆ ఖర్చు మీ మీదకొస్తుంది.

చెత్త ఒకే డబ్బాలో వేయరు. కాగితం ఒకచోట, ప్లాస్టిక్ ప్యాకింగ్ ఒకచోట, వంటింటి తొక్కలు ఒకచోట, మిగిలింది ఇంకొకచోట. గాజు సీసాలు రంగుల వారీగా వీధి డబ్బాల్లో వేయాలి, అదీ ఆదివారం కాదు. డిపాజిట్ గుర్తున్న ఖాళీ సీసాలు మాత్రం పారేయకండి. మామూలు ప్లాస్టిక్ సీసాకి, కూల్‌డ్రింక్ రేకు డబ్బాకి 25 సెంట్లు సూపర్‌మార్కెట్ మెషిన్‌లో తిరిగొస్తాయి.

మధ్యాహ్నం ఆశ్రమంలో వేడి భోజనం ఉంటుంది. సాయంత్రం చల్లటి రొట్టె, చీజ్. శాకాహారులైతే, గుడ్డు తింటారో లేదో కూడా మొదటి రోజే వంటగదికి చెప్పండి. వారానికి ఒకరోజు కుండెడు పులుసు, పప్పు చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది. ప్రయాణానికి డాయిచ్‌లాండ్ టికెట్ అడగండి. 2026 నుంచి అది నెలకి 63 యూరోలు, దేశమంతా లోకల్ రైళ్ళు, బస్సులు ఎక్కొచ్చు. కొన్ని సంస్థలు దీనికి సాయం చేస్తాయి. రేడియో, టీవీ రుసుము అని ఇంటికి నెలకి 18.36 యూరోల బిల్లు రావచ్చు. టీవీ లేదు కదా అని చించి పారేయకుండా ఆ ఉత్తరం తీసుకెళ్ళి సంస్థకి చూపించండి.

ఒంట్లో బాగోకపోతే, మనసు బాగోకపోతే

జ్వరమొస్తే డ్యూటీ మొదలవకముందే ఫోన్ చేసి చెప్పాలి. స్నేహితుడితో కబురు పంపితే లెక్కలోకి రాదు. మూడు రోజులు దాటితే డాక్టరు ధ్రువీకరణ తప్పనిసరి, కొన్నిచోట్ల మొదటి రోజే అడుగుతారు. ప్రాణాపాయమైతే 112. రాత్రిపూట డాక్టరు కావాలి, కానీ అంత అత్యవసరం కాదు అంటే 116117.

నవంబర్ వచ్చేసరికి నాలుగున్నరకే చీకటి పడుతుంది. ఇంటి మీద బెంగ ఎక్కువయ్యేది అప్పుడే. ఎండాకాలంలో మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర. మీరు రాత్రి ఎనిమిదికి ఫోన్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. పొద్దుటి డ్యూటీ రోజుల్లో మధ్యాహ్నం మూడింటికి పని దిగి చేస్తే ఇంట్లో భోజనాల వేళకి దొరుకుతారు. గదిలో కూర్చుని రీల్స్ చూస్తే బెంగ తగ్గదు. ఫుట్‌బాల్ క్లబ్, చర్చి కోయిర్, ఊరి లైబ్రరీ ఏదో ఒకటి పట్టుకోండి.

ఏడాదికి 25 రోజుల సెమినార్లు ఉంటాయి, ఎక్కువగా వారం చొప్పున. అవి పని రోజులే, ఎగ్గొట్టకూడదు. చుట్టూ పద్దెనిమిదేళ్ళ జర్మన్ పిల్లలు, సెమినార్ నడిపేవాళ్ళేమో ఆటలాడించి, కాగితాల మీద బొమ్మలు గీయించి "మీకేమనిపించింది" అని అడుగుతుంటే మొదట్లో ఇదేం గోల అనిపిస్తుంది. కానీ అక్కడ కూర్చునే ఇతర దేశాల వలంటీర్లే తర్వాత మీ బలగం.

పండగకి సెలవు కావాలంటే పట్టిక వేయకముందే అడగాలి. దసరాకో సంక్రాంతికో మీకు రోజు ఇస్తే, క్రిస్మస్‌కి నేను పని చేస్తానని మీరే ముందు చెప్పండి. ఈ బేరం దాదాపు ఎప్పుడూ కుదురుతుంది.

పని చోట ఇబ్బందైతే ముందు మీకు పని నేర్పే బాధ్యుడితో, తేలకపోతే ట్రేగర్‌లో మిమ్మల్ని చూసుకునే మనిషితో మాట్లాడండి. తేదీ, ఏం జరిగిందో రాసిపెట్టుకుని వెళ్తే మాట గట్టిగా ఉంటుంది. చోటు మారొచ్చు. అయితే మీ నివాస అనుమతి ఆ పనితో ముడిపడి ఉంటుంది కాబట్టి విదేశీయుల ఆఫీసుకి చెప్పకుండా మారకూడదు. చెప్పా పెట్టకుండా వేరే ఊళ్ళో హోటల్ పనికి పోయినవాళ్ళ కథలు వింటారు, వాళ్ళ కథ చివరిదాకా ఎవరూ చెప్పరు.

తిరిగొచ్చే ముందు

ఏడాది సగం దాటాక ఉండాలా, రావాలా అన్న ఆలోచన మొదలుపెట్టండి. చాలామంది మూడేళ్ళ నర్సింగ్ ఆస్‌బిల్డుంగ్‌లో, అంటే పని చేస్తూ నేర్చుకునే శిక్షణలో చేరతారు. దానికి బి1 గానీ బి2 గానీ కావాలి, దరఖాస్తులు చాలా ముందే మొదలవుతాయి, వీసా రకం కూడా మారుతుంది. మీరు పనిచేసిన ఆశ్రమమే తీసుకుంటే అన్నిటికన్నా తేలిక. అక్కడ మీ పని చూసి ఉన్నారు.

వచ్చేసేవాళ్ళు పని వివరాలతో కూడిన సర్టిఫికెట్ ఆఖరి నెలలోనే అడిగి తీసుకోండి. మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉందో లేదో చూసుకోండి. ఊరి ఆఫీసులో చిరునామా రద్దు చేయించుకోవాలి. అది గది వదలడానికి వారం ముందు నుంచి, వదిలాక రెండు వారాల లోపు. ఆ కాగితం చూపిస్తేనే టీవీ రుసుము, ఫోన్ కనెక్షన్ తేలిగ్గా ఆగుతాయి. బ్యాంకు ఖాతా మాత్రం అన్నిటికన్నా చివర మూయించండి. గది డిపాజిట్ ఏమైనా తిరిగొస్తే పడటానికి అదొక్కటే చోటు.